సొంత వాక్యం

"'మా నాయన మంచం మీద నిద్రాణంగా ఉన్నాడు.' బాగుందా నాయనా?"

ముస్రత్ నోట్సు మొగం మీదికి తెచ్చి పెడితే అజ్మతుల్లా దుప్పటి తీశాడు. జ్వరమని పత్తి మిల్లుకు సెలవు చెప్పాడు గానీ ఒళ్లు చల్లగానే ఉంది. భయం సంగతి వేరు.

"నిద్రపోయేటోణ్ణి అట్లనరు తల్లీ. లోపల ఉంటాది, పైకి కనపడదు. అదనొస్తే లేస్తాది. అదీ నిద్రాణం."

"గింజలో చెట్టని మా టీచరు చెప్పింది. నువ్వు వేరేది చెప్పు."

"పత్తి బేల్లో నిప్పు," అనేసి నాలుక కరుచుకున్నాడు.

"పత్తిలో నిప్పుంటే కాలిపోదా?"

"పత్తిని అదిమి, బిగించి మూట కట్టేస్తే గాలాడదు కదా. పొగ కూడా రాదు. పది దినాలైనా లోపల్నే కూర్చోనుంటాది. కట్టు తెంచినారనుకో, గాలి తగిలి భగ్గుమంటాది. పక్కనున్నోళ్లు..."

మిగతాది మింగేశాడు. పిల్ల బుద్ధిగా రాసుకుంది.

"'బేలులో నిప్పు నిద్రాణంగా ఉంది.' ఇప్పుడు?"

"ఇప్పుడు సరిపోయింది," అన్నాడు, నోట్సు వైపు చూడకుండానే.

తొమ్మిది రోజుల కిందట మిషన్లో రాయి తగిలి రవ్వ లేచింది. అతని కళ్ల ముందే పత్తితో పాటు బేలు కట్టే ప్రెస్సులోకి పోయింది. మిషను ఆపి అరవాల్సింది. అరవలేదు. నిప్పు బేలు కట్టినోణ్ణి సావుకారి మల్లికార్జునయ్య మర్నాడు గేటు దాటనివ్వడు. పోయిన నెల తోటి కూలి ఈరేష్‌కు అదే గతి పట్టింది. ఇంట్లో కూడు, పిల్ల చదువు గుర్తొచ్చి నోరు పడిపోయింది మనిషికి. పెండ్లాం పాత చీర చింపి ఆ బేలుకు గుర్తుగా పసుపు గుడ్డ కట్టాడు. రోజూ దొంగచాటుగా చెయ్యేసి చూసేవాడు. ఒడిలో నిప్పు మూటగట్టుకుని ఎన్నాళ్లు తిరుగుతాడు పాపం. ఈరోజు సరుకు లారీకెత్తుతారు. ఏ ఊళ్లో ఎవరు విప్పుతారో తలుచుకుని, మిల్లుకు పోకుండా ఇంట్లో పడుకున్నాడు.

ఇంక ఆగలేక, అదే మిల్లులో కూలికి పోయే పెండ్లాం మహబూబ్ బీకి ఫోను చేశాడు.

"లారీ పోయిందా?"

"ఇప్పుడే గేటు దాటింది."

పీడ విరగడైంది. ఇన్ని రోజులకు ఆకలేసింది.

"నువ్వెప్పుడొస్తావు?"

"కొంచేపు అయితాది. ఎమ్మిగనూరు నుంచి బేరగాడొచ్చినాడు. మంచి బేలొకటి ఆపి, విప్పి చూపించమన్నాడు సావుకారి. ఆడోళ్లంతా చుట్టూ చేరినాం. యాది మంచిదో వాళ్లకేం తెలుసు, నేనే ఏరి పెట్టినా."

"ఏది?"

అవతల ఇనుప కట్టు ఠంగున తెగింది.

"నువ్వు నా చీరగుడ్డ కట్టి దాచుకున్నదే."