చూరులో రాయి

"నీ పొయ్యి ఇయ్యాలో రేపో చస్తది బిడ్డా."

వానకు తడిసి ముద్దై, గడప బయట నిలబడ్డ ముసలమ్మ అన్న మొదటి మాట అది.

రామక్కకు ఒళ్లు మండింది. ముక్కూ మొహం తెలియని మనిషి, వస్తూనే అంత మాటా!

"నీ నోట్ల మన్నువడ! ఎవలు నువ్వు? పటేలు పంపిండా?"

"ఎవలూ పంపలే. వాన తగ్గిందాంక కూసుని పోత."

పామేడు దిక్కున ఉన్న ఆ ఊళ్లో రామక్క ఇంటికి నిప్పూ నీళ్లూ బంద్. ఆమె మొగుడు అప్పయ్య, రాజుగారి సడక్ పనికి వెట్టికి రానన్నాడు. పటేలు రామనర్సయ్య అతణ్ణి జగదల్‌పూర్ జైలుకు పంపించాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆ ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వొద్దని దండోరా వేయించాడు. దుకాణదారు అగ్గిపెట్టె కూడా అమ్మడం మానేశాడు.

పొయ్యి ఆరిందంటే రామక్క వెళ్లి పటేలు కాళ్ల మీద పడాలి.

"నేను పడ. వాడే నా గడప ముంగట తల వంచాలె. అందాక ఈ నిప్పును చావనియ్య," అని ఒట్టు పెట్టుకుంది. పొద్దున లేస్తే దేవుడి పేరుకన్నా ముందు పటేలు పేరే ఆమె నోట్లోకి వచ్చేది, తిట్టుకోవడానికి.

కానీ ఈ వానలు మొదలైనప్పటి నుంచీ పొయ్యి మాట వినడం లేదు. పడుకునేముందు పొయ్యినోటికి బండ అడ్డం పెట్టి, మొద్దు మీద బూడిద కప్పినా, తెల్లారేసరికి మొద్దంతా కాలిపోయి అడుగున ఒకటో రెండో కణికలు మిగిలేవి.

ముసలమ్మ లోపలికి వచ్చి పొయ్యి పక్కన చతికిలబడి, దాని వెనక అరచెయ్యి పెట్టి చూసింది.

"ఇగో, ఈడికెల్లి తింటాంది గాలి."

కట్టెల మోపు చాటున, పొయ్యి అడుగున ఒక కన్నం ఉంది. ఇన్నేళ్లూ రామక్క కంట పడలేదు.

"మూసిన మన్ను ఎలుకలు తోడినయ్. నువ్వు ముంగట నోరు మూస్తే ఏం లాభం? ఎనక నుంచి ఊపిరి తీస్తాంది."

ముసలమ్మ లేచి, అటు చూడకుండానే చెయ్యెత్తి, చూరులోంచి ఒక రాయి తీసింది. మసి పట్టిన నున్నటి రాయి. కన్నంలో పెడితే సరిగ్గా కూర్చుంది.

రామక్క బిత్తరపోయింది.

"మా చూర్ల రాయి ఉన్నదని నీకెట్ల ఎరుక?"

"పొయ్యి పెట్టినోళ్లు ఆడనే దాస్తరు." ముసలమ్మ నవ్వింది. "పండేటప్పుడు ఇది మూసి బూడిద కప్పు. పొద్దున రాయి తియ్యి, మంట అదే లేస్తది. గట్క ఉడుకు పట్టినంక సగం మూయి, లేకుంటే అడుగంటుతది."

మర్నాడు రాయి తీసి ఊదుగొట్టంతో ఒక్కసారి ఊదగానే మంట భగ్గున లేచింది. మొగుణ్ణి తీసుకుపోయాక రామక్క నవ్వడం అదే మొదలు.

"ఇగ రా పటేలా, నీ సంగతి చూస్త!"

వాన తగ్గలేదు, వాగు దిగలేదు. ముసలమ్మ అక్కడే ఉండిపోయింది. ఏమీ అడిగేది కాదు. అప్పుడప్పుడు ఇంటి దూలం మీది గాటు వైపు చూసేది.

"ఏంది అవ్వా, గట్ల చూస్తవ్? అది మేం రాకముందుదే. ఇల్లు ఖాళీగ ఉన్నదని పటేలే చూపెడితే దిగినం."

ముసలమ్మ ఊ కొట్టింది.

ఆ సాయంత్రమే వాగు ఊళ్లోకి వచ్చింది. దుకాణంలోని అగ్గిపెట్టెలూ, ఊళ్లోని పొయ్యిలన్నీ నీళ్లపాలయ్యాయి. మిట్ట మీదున్న రామక్క పొయ్యి ఒక్కటే బతికింది.

దీపాల వేళకు పటేలే వచ్చాడు. చేతిలో ఖాళీ కుండపెంకు.

"రామక్కా, నా కోడలు కన్నది. పసిగుడ్డు నీలం పడుతాంది. రెండు కణికలు ఇయ్యి."

అబ్బ! ఆ మాటతో రామక్క కడుపు చల్లబడింది.

"తల వంచు."

వంచాడు.

"ఇంక వంచు."

పటేలు తలపాగా గడప ముందరి బురదకు ఆనింది.

"ఇయ్య, పో!"

లోపలి నుంచి ముసలమ్మ అంది, "ఇయ్యి బిడ్డా. పసిగుడ్డు చలికి ఆగదు."

"ఓహో! వాని కొంప మీద నీకెందుకంత ప్రేమ? నువ్వు వాని మనిషివేనని నేను ముందే అనుకున్న!"

ముసలమ్మ లేచి గడప దాకా వచ్చింది. పటేలు చేతిలోని పెంకు తీసుకుని, కణికలు వేసి, బూడిద కప్పి, మీద చేట అడ్డం పెట్టుకుని వానలోకి దిగింది.

"పో! మళ్ల నా గడప తొక్కితే కాళ్లిరగ్గొడత!" రామక్క గొంతు చించుకుని అరిచింది.

పొద్దున వాన తెరిపిచ్చింది. పటేలు మళ్లీ వచ్చి, ఎవరూ చెప్పకుండానే గడప ముందు బురదలో కూర్చున్నాడు.

"పసిగుడ్డు బతికింది. జగదల్‌పూర్ పోయి అప్పయ్యను ఇడిపించుకొస్త."

రామక్క కరగలేదు. "ఆ ముసలిది నీ కొంపల్నే ఉన్నదా?"

"లేదు. బాలింత కాడ మంట నిలబెట్టి, వాగు దిగంగనే దాటి పోయింది. ఎంత ఎతికినా దొరకలే."

"నీ మనిషే గద, నీకు తెల్వదా?"

"నా మనిషా?" పటేలు తల దించుకున్నాడు. "మంట వెలుగుల మొకం చూసి గుర్తుపట్టిన. ఆమె పేరు దేవే. నీకంటె ముందు నేను నిప్పు బంద్ చేసింది ఆమెకే."

"ఆమె ఇల్లేది?"

పటేలు తలెత్తి దూలం మీది గాటు వైపు చూశాడు.

"ఇదే. ఆ గాటు ఆమె బిడ్డ ఉయ్యాల తాడుది రామక్కా. ఈ పొయ్యి ఆరిన నాడు ఆమె నా గడపకు తల ఆనిచ్చి రెండు కణికలు అడిగితే, నేనూ గట్లనే 'ఇయ్య, పో' అన్న, తెల్లారేసరికి ఉయ్యాలల బిడ్డ చల్లబడ్డది."