ఆదివారం వంతు

వరాలమ్మకు మోకాలి ఆపరేషనై పది రోజులైంది. అందరిళ్లలో లాగే వాళ్లింట్లోనూ నొప్పి పంచే పట్టీలున్నాయి. ఆమె ఒకటి, భర్త సత్తిరాజు ఒకటి కట్టుకుంటే నొప్పి చెరిసగం. ఎవరు విప్పినా మొత్తం ఆమెదే.

ఆదివారం పార్కు చేరగానే సత్తిరాజు పట్టీ విప్పి జేబులో దాచి, మూడాటలు షటిల్ ఆడాడు. పట్టీ జేబులోనే ఉంచి, ఇంటికి కుంటుతూ వచ్చాడు.

"పొద్దుట్నుంచీ ఒకటే పోటు," అంటూ మంచం పక్కన కూలబడ్డాడు.

వరాలమ్మ ముఖమంతా చెమట. ఆమె మోకాలికి పట్టీ లేదు.

"హాయిగా ఆడుకుంటారని, మీరు గుమ్మం దాటగానే నాది తీసేశానండీ," అంది. అంతలోనే కంగారుపడింది. "మరి మీకు పోటేంటి? మీ మోకాలికేమైనా అయ్యిందా? ఏదీ, చూడనివ్వండి."

అతని ప్యాంటు పైకి మడవసాగింది. సత్తిరాజు కాలు వెనక్కి తీసుకోలేకపోయాడు.