సాలువాకి జైలు

“జైలుకి ఓటెయ్యమంటావేటే?” తవిటయ్య కంచం పక్కకు తోసేశాడు.

“మన కుర్రోళ్ళనే వార్డర్లుగా తీసుకుంటారంట మావా. జ్ఞానరత్నం సెప్పినాడు,” అంది భార్య చిలకమ్మ.

జ్ఞానరత్నం ఓట్ల కోసం ట్రాఫిక్ కాలనీ అంతా తిరుగుతున్నాడు. డెబ్బై ఏడు ఎన్నికల్లో తమ అభ్యర్థి గెలిస్తే ఊరి చివరున్న సాలువా పోలీసు క్యాంపు పక్కన పెద్ద జైలు కట్టిస్తాడట. డెబ్బై నాలుగు రైల్వే సమ్మె తర్వాత తవిటయ్య పనిచేసే వర్క్‌షాపులో కొత్తవాళ్ళను తీసుకోవడం మానేశారు. బడి అడిగినవాడు లేడు, ఆస్పత్రి అడిగినవాడు లేడు. నిన్నటిదాకా యూనియన్ జెండా పట్టినవాళ్ళే కొడుక్కి ఖాకీ నిక్కరు దొరికితే చాలంటున్నారు. తవిటయ్యకు ఒళ్ళు మండిపోతోంది. సమ్మెలో లాఠీదెబ్బకు విరిగిన అతని ఎడమచెయ్యి ఇప్పటికీ పైకి లేవదు.

“ఆడేటి సెప్పినా నా ఓటు జెండాకే.”

“మన గణపతి కోసం మావా. జల్పాయిగురి జైలంటే ఎంత దూరం! ఇక్కడ జైలొస్తే వాణ్ణి ఇటు మార్పించొచ్చంట. అప్పుడప్పుడైనా కళ్ళారా సూసుకుందుము.”

“వాడి పేరెత్తకు.”

“నాలుగేళ్ళయింది. ఒక్కసారి ఎల్లినావా? రైలు పాసుంది, నీకు మనసే లేదు.”

“నా కొడుకు ఆ బట్టలేసుకుని నిలబడితే నాను సూడలేను.”

“ఏ బట్టలేసుకున్నా నా బిడ్డే కదా!”

చిలకమ్మ ఏడ్చింది. కాళ్ళు పట్టుకుంది. తవిటయ్య కాళ్ళు విడిపించుకుని వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు.

పోలింగు రోజున యూనియన్ వాళ్ళు టీ ఇచ్చి, భుజం తట్టి లోపలికి పంపారు. బయటికొచ్చాక వాళ్ళ మొహాలు చూడలేక తలవంచుకుని నడిచాడు. గోల్‌బజార్ మలుపులో చిలకమ్మ కాచుకుని ఉంది.

“ఏసినావా?”

“ఏసినాను. జైలుకే.”

ఆ మాట అంటూనే రోడ్డు పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జనం చూస్తున్నా సిగ్గుపడలేదు. చిలకమ్మ పక్కన కూర్చుని కొంగుతో అతని మొహం తుడిచింది.

“ఆళ్ళు గెలిచేదెప్పుడు, కట్టేదెప్పుడే? అప్పటిదాకా మనం బతికుంటామేటి?”

“మనం లేకపోయినా వాడక్కడ ఉంటాడు కదా మావా,” అంది చిలకమ్మ.

గణపతిది యావజ్జీవ శిక్ష.