నూనె పొరలో పొడి చార

రాత్రి ల్యాబ్‌లో పంపు చప్పుడు ఒక్కటే. వాలుగా నిలిపిన గాజు పలక మీద నూనె పల్చటి పొరగా జారుతూ, మధ్యలో చీలి పొడి చార కడుతోంది. లెక్కలావిడ సమీకరణంలో ఆ చారకి చోటే లేదు. లెక్క తేలందే ఆవిడకి ముద్ద దిగదు.

"దుమ్మేమో అక్కా" అంది ఫోన్‌లో చెల్లెలు.

"తుడిచానే. నూనె దేన్నో తప్పుకుని పోతున్నట్టుంది."

పలక పైఅంచున వేలికొసంత అడ్డు ఉందనుకుని మళ్లీ లెక్క కట్టింది. కంప్యూటర్ తెరమీది గీత, నూనెలోని చార అచ్చుగుద్దినట్టు కలిశాయి. హమ్మయ్య అనుకునేలోపు పక్కనే వేళ్ల ఎడంతో ఇంకో మూడు చారలు మెల్లగా తెరుచుకున్నాయి.

"కుదిరిందా?"

"కుదిరింది" అంటూ బొటనవేలి జాడ కోసం వెతికింది. పలక అవతలి నుంచి ఎవరైనా అంచు పట్టుకుంటే నాలుగు వేళ్లే ఇటు వస్తాయని, బొటనవేలు వెనకే ఉంటుందని అప్పుడు తట్టింది.

పలక వెనక ఉన్నది జానెడు సందు. ఆ వెనక గోడ.