కొత్తగా దిగినవాళ్ళు

మోడెం కీచుమంటూ ఫోన్ లైను అందుకునేదాకా కిరణ్మయి ఊపిరి బిగబట్టి కూర్చుంది.

ఇన్‌బాక్స్ తెరుచుకుంది. అంతా కొత్త పేర్లే. ఒక్కొక్కటే చదివింది. బోమాంట్ ఆసుపత్రిలో ఒక నర్సు. సిటీవెస్ట్‌లో ప్రోగ్రాములు రాసే దంపతులు. యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు. ఆఖరి పేరు కూడా చదివాక గాని ఆమె కుర్చీలో వెనక్కి వాలలేదు.

"అంత భయమైతే మానెయ్యొచ్చుగా," అన్నాడు చక్రధర్ షూ లేసు కట్టుకుంటూ. శనివారమైనా శాండీఫోర్డ్ ఆఫీసు అతన్ని వదలదు.

"ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందండీ."

అతను రెండో షూ అందుకున్నాడు. భర్త వెంట వచ్చిన వీసా మీద ఆమె ఉద్యోగం చెయ్యడానికి లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

ఆ ఏడాది డబ్లిన్‌లో ఎటు చూసినా క్రేన్లే. వారం వారం విమానం దిగే తెలుగువాళ్ళందరికీ ముందుగా చేరేది కిరణ్మయి ఈమెయిల్లో నడిపే పత్రిక, ఆ ఊరి నది పేరు పెట్టుకున్న 'లిఫీ కబుర్లు'. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. కరివేపాకు ఏ కొట్టుకి ఏ రోజు వస్తుందో, డాక్టరు దగ్గర పేరెలా రాయించుకోవాలో, అద్దెకి గది ఎక్కడుందో అందులో ఉండేవి. చివర్న 'కొత్తగా దిగినవాళ్ళు' అని ఒక శీర్షిక. పేరు, ఇంటిపేరు, సొంతూరు, ఇక్కడ ఉంటున్న పేట. ఇంటిపేరూ ఊరూ అడిగితే తెలుగువాడెవడూ దాచుకోడు. ఫలానావారి మేనల్లుణ్ణని అడగనిది కూడా రాస్తాడు.

పత్రిక కోసం ఆమె తిరగని చోటు లేదు. ఆసియా కొట్టు అద్దానికి కాగితం అంటించింది. వినాయకచవితికి అద్దెకు తీసుకున్న హాల్లో చీటీలు పంచింది. హైదరాబాదులో ఐర్లండ్ వీసాలు చూసే కన్సల్టెన్సీలన్నిటికీ రాసింది. 'మీకు తెలిసినవాళ్ళందరికీ పంపండి' అన్న మాట లేకుండా ఒక్క సంచికా వెళ్ళలేదు.

కింద సంతకం మాత్రం 'ప్రభావతి ఆంటీ'.

ఆ ఆంటీ ఎవరో తెలిసినది ఇంట్లో చక్రధర్, బయట స్నేహితురాలు లీలారాణి.

"ఈ వయసులో ఆంటీవేంటే బాబూ! చక్కగా నీ పేరేసుకో, ఫొటో పెట్టు. మేమూ గొప్ప చెప్పుకుంటాం," అని లీలారాణి కలిసినప్పుడల్లా ఆటపట్టించేది.

కిరణ్మయి నవ్వి, మెడ చుట్టూ స్కార్ఫు సర్దుకునేది.

స్కార్ఫు కింద వేలెడు గీత ఉంది. గుంటూరులో చదువుకునే రోజుల్లో, కాదన్నందుకు త్రినాథ్ కత్తితో పెట్టిన గీత. పెద్దలు కూర్చుని రాజీ చేసి కేసు ఎత్తేయించారు. ఆమె పెళ్ళి కుదిరాక అతను కబురు పెట్టాడు. ఏ దేశం పోయినా వస్తానని, ఈసారి గీతతో వదలనని.

ఆమె డబ్లిన్‌లో ఉందని అతనికి ఎలా తెలిసిందో తెలియదు. ఇక్కడి కంపెనీలకి దరఖాస్తులు పెడుతున్నాడని చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. చక్రధర్ ఆమెను వెంటబెట్టుకుని గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. అక్కడి ఆవిడ టీ ఇచ్చి, అంతా ఓపిగ్గా రాసుకుంది. మనిషి దేశంలోనే లేడు గనక ఇప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేదంది. ఆ రోజు నుంచి బస్సులో వెనక సీటు కిర్రుమన్నా కిరణ్మయి మెడ మీదికి చెయ్యి వెళ్ళిపోయేది.

"దాక్కోవలసినవాళ్ళు పత్రిక పెడతారా ఎక్కడైనా?" అని చక్రధర్ ఎన్నిసార్లు అన్నాడో.

తర్వాతి శనివారం ఆఖరి పేరు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

త్రినాథ్. సొంతూరు తెనాలి. 'నమస్తే ఆంటీ. మొన్ననే దిగాను. మీ కబుర్లు కన్సల్టెన్సీవాళ్ళు చూపించారు. రాత్‌మైన్స్‌లో గది దొరికింది. కిరణ్మయి అని మా దగ్గరి బంధువు ఇక్కడే ఎక్కడో ఉంది. మీకు తెలియనివాళ్ళు ఉండరట. కాస్త కనుక్కుని చెప్పరూ?'

ఆమె లేచి కర్టెన్లు లాగేసింది. తలుపు గొళ్ళెం రెండుసార్లు తడిమి చూసింది. భర్తను కేకేసింది. స్నానం చేసి వచ్చిన చక్రధర్ తెర మీది అక్షరాలు చదివి తెల్లబోయాడు.

"అయిపోయింది. నీ పత్రికే వాడికి దారి చూపించింది. లీజు పోతే పోనీ, ఇల్లు మారిపోదాం."

కిరణ్మయి కుర్చీలో కూలబడింది. అక్షరాలు తప్పులు పడుతుంటే చెరిపి చెరిపి కొట్టింది. 'కనుక్కుంటాను బాబూ. కొత్తగా వచ్చినవాళ్ళకి పచ్చడి సీసా పంపడం నా అలవాటు. వీధి, ఇంటి నెంబరు రాయి.'

"మతిపోయిందా నీకు? వాడితో మాటలేంటి?"

స్టవ్ మీద నీళ్ళు కాగేలోపు జవాబు వచ్చింది. వీధి పేరు, ఇంటి నెంబరు, నొక్కవలసిన బెల్లు ఏదో కూడా రాశాడు. 'ఆవకాయైతే మరీ సంతోషం ఆంటీ.'

ఆమె అదంతా అరచేతిలో రాసుకుంది. నెట్ ఆపింది. లైను ఖాళీ అయ్యాక గార్డ్స్ నెంబరు తిప్పింది. అవతల రింగవుతోంది.

చక్రధర్ నేల మీదే కూర్చుండిపోయాడు.

"హాయిగా గుట్టుగా ఉండేవాళ్ళం. అసలెందుకు మొదలుపెట్టావు కిరణ్మయీ, ఈ పత్రిక?"

"వాడు ఈ దేశంలో ఎప్పుడు దిగినా, తన అడ్రసు తన చేత్తోనే నాకు రాసి పంపాలనండీ."