వంకర గీత

జెరోమ్ తన బేకరీ వెనుక షెడ్డులో కారు మీది దుప్పటి లాగాడు. 1970 నాటి నారింజ రంగు మజిల్ కారు, అంటే పెద్ద ఇంజనుతో దూసుకుపోయే రకం. ఆ రంగులో, ఆ ఇంజనుతో తయారైనవి పదకొండే. తండ్రి నుంచి అతనికి దక్కింది అదొక్కటే.

పోయిన నెల వచ్చిన నిపుణుడు నలభై వేల డాలర్లకు మించదన్నాడు. ఎడమ పక్క నల్ల గీత ఫ్యాక్టరీది కాదట, తరవాత ఎవరో అంటించారట. బేకరీ కప్పు మార్చాలంటే ఎనభై వేలు కావాలి. మార్చకపోతే ఈ మంచుకాలంలో బేకరీకి తాళమే.

అందుకే డోరిస్ టిల్మన్‌కు ఫోన్ చేశాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. పాత కార్లకు ధర కట్టడంలో డెట్రాయిట్ అంతా ఆమె మాటే మాట. ఫీజు దగ్గర సొంత తమ్ముణ్ణి కూడా వదలదని పేరు. అలాంటిది, కారు నంబరు రెండుసార్లు చెప్పించుకుంది. తరవాత, "ఫీజు వద్దులే, ఆదివారం వస్తా" అంది.

వచ్చింది. ఇంజను వైపు చూడనైనా చూడలేదు. ఎడమ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గీత వెంట బొటనవేలు నడిపింది. తోక దగ్గర అది వేలెడు కిందికి జారింది.

"అంటించినవాళ్ళ చెయ్యి ఇక్కడ, మనసు ఇంకెక్కడో" అని నవ్వింది.

"అదేనండీ గొడవ. ఫ్యాక్టరీవాళ్ళు ఇంత వంకరగా వదలరంటున్నారు."

"ఫ్యాక్టరీలో దేవదూతలు పనిచేశారా ఏం? ముందు రోజు పెళ్ళిలో కాళ్ళరిగేదాకా గెంతి, సోమవారం పొద్దున్నే పనికొస్తే నీ గీత మాత్రం తిన్నగా వస్తుందా అబ్బాయ్?"

"కథ బాగుంది. కొనేవాళ్ళకి కాగితం కావాలి కదా."

"నీ బన్నులకీ కాగితం అడుగుతారా?" అంటూ అతను తెచ్చిపెట్టిన జామ్ బన్నుల్లో రెండోది నోట్లో పెట్టుకుని, వేళ్ళకంటిన జామ్ నాకింది.

తరవాత పుస్తకం తీసి రాసింది: గీత అసలుదే. ధర తొంభై వేల డాలర్లు.

జెరోమ్ గుండె తేలికపడి, మళ్ళీ బరువెక్కింది. "దీనికి రుజువేది టిల్మన్ గారూ? నన్ను చూసి నవ్వుతారు."

ఆమె సంచిలోంచి మడతల దగ్గర చిరిగిన పసుపు కాగితం తీసి అతని చేతిలో పెట్టింది.

పైన అతని కారు నంబరే ఉంది, దాని కింద "ఎడమ గీత వంకరగా అంటించి ఈ కారును బయటికి పంపినందుకు డోరిస్ టిల్మన్‌ను ఉద్యోగం నుంచి తొలగించడమైనది" అని ఉంది.