ఆరో సీటు విషయమై అర్జీ

మహారాజశ్రీ అభయారణ్య ప్రవేశాధికారుల దివ్య సముఖమునకు, ప్రయాణికులలో ఒకడు సవినయంగా సమర్పించుకునే అర్జీ.

ఇంటి పిల్లికి పాలు పోసి ఎరుగని మా అన్నయ్య, ముందుగదిలో పటం పరిచి, పులి దర్శనానికి తనను తాను సేనాధిపతిగా నియమించుకున్నారు. జీపుకు ఆరు సీట్లు. పిన్నితో కలిపి మేము ఆరుగురం. అయినా పిన్నిని ఇంట్లో ఉంచాలని తీర్మానమైంది.

"నీకెందుకు పిన్నీ ఈ కుదుపులు?" అన్నారు అన్నయ్య. "ఇరవై ఎనిమిదేళ్లు ఆ గేటు దగ్గరే ఉద్యోగం చేశావు. నువ్వు చూడని పులా!"

"నేను చూసింది టికెట్ల కిటికీరా. లోపలికెళ్లే జీపుల దుమ్ము తప్ప ఏం చూశాను?"

ఈ వాంగ్మూలాన్ని సభ పరిగణించలేదు. వదినగారు టోపీలు పెట్టుకుని చూసుకుంటున్నారు.

పిన్ని పాత అలవాటు కొద్దీ కళ్లజోడు పెట్టుకుని, అనుమతి పత్రాలు ఒక్కొక్కటే సరిచూసింది. ఆరో దాని దగ్గర ఆగింది.

"ఇదేంట్రా, దీనిమీద నా పేరుంది?"

"కెమెరా సంచికి చోటు కావాలి కదా పిన్నీ. మనిషి పేరు లేందే సీటివ్వరట. నీ గుర్తింపు కార్డు వాడాను, అంతే. పిచ్చి రూల్సు!"

"ఆ రూలు గోడమీద రాసింది నేనేరా," అంటూ పిన్ని పత్రం తిరిగి ఇచ్చేసింది.

కావున దాఖలు చేయు విన్నపం:

1. ఆరో పత్రం మీది పేరుగల మనిషిని నేను జీపు కంటే ముందే బస్సులో గేటు దగ్గరకు తీసుకువస్తున్నాను. గేటు దగ్గర ప్రతి పత్రాన్నీ ముఖంతో సరిపోల్చవలెను. సంచి ముఖం సరిపోలని పక్షంలో, దానిని దించి టికెట్ల కిటికీలో కూర్చోబెట్టవలెను.